సన్యాసమ్మగారు ఏ కేటగిరీ?

ముందే చెప్పేస్తున్నాను, నేను కొంచెం పెంచి చెప్తాను. నా జన్మలో తగ్గించి చెప్పిన మాట ఏదైనా ఉంటే అది ఈ "కొంచెం" ఒక్కటే. బజారు నుంచి వచ్చి "ఇవాళ ఇలిష్ చేప మొసలంత దొరికింది" అంటే మా ఆవిడ కంగారు పడదు. చిన్న గిన్నె తీసి, చారెడు ఆవాలు నూరుకుంటుంది. మీరూ అదే కొలతతో చదువుకోండి. పెంచినవి ఎన్ని ఉన్నా, ఇందులో శుద్ధ కల్పన మాత్రం ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

అది 2010వ సంవత్సరం. హౌరా వైపు ఒక ఆస్పత్రిలో నేను ఫార్మసిస్టుని. ఆస్పత్రి పేరు అడక్కండి. బెంగాలీలకి నేను "రావుబాబు"ని, మనవాళ్ళకి "కంపౌండరు బాబు"ని. మందులివ్వడంతో పాటు టీకాల గది కూడా నాదే. ఆ గదిలో ఐ.ఎల్.ఆర్. అని ఒక పెట్టె ఉండేది. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ అన్నమాట. దాని గోడల్లో మంచు పొర ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా చాలాసేపు చల్లగా ఉంటుంది. లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దునా సాయంత్రం నేను దాని థర్మామీటరు చూసేవాణ్ణి. మా ఆవిడకి జ్వరం వచ్చినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదని ఇప్పటికీ దెప్పుతుంది. ఫ్యాక్టరీలో బయల్దేరిన టీకా మందు సూది మొనకి చేరేదాకా ఎక్కడా వేడి తగలకుండా తీసుకురావడాన్ని కోల్డ్ చెయిన్ అంటారు. మే నెల కలకత్తాలో మనిషి జన్మకి లేని భోగం అది.

స్వైన్ ఫ్లూ టీకా వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. దాన్ని తెచ్చిన వ్యాను డ్రైవరు హౌరా బ్రిడ్జి మీద నుంచి మా గేటు దాకా ఒక్క హారన్ కూడా కొట్టలేదట. అది చూసిన ముసలివాళ్ళు రోడ్డు పక్కన నిలబడి దణ్ణం పెట్టారు. టీకా ఎవరికి వేయాలో సర్క్యులరు వచ్చింది: ఆస్పత్రి సిబ్బందికి, రోగులను దగ్గరుండి చూసుకునేవాళ్ళకి. దీన్నే ఎలిజిబిలిటీ అంటారు. టీకాకీ, అది కావలసిన మనిషికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునే దర్వాను లాంటిది.

తమాషా ఏమిటంటే, అర్హత ఉన్నవాళ్ళెవరూ నా గది ఛాయలకి రాలేదు. రోజుకి నాలుగు కడుపులు కోసే మా సర్జనుగారికి సరిగ్గా ఆ వారమే బడ్జ్ బడ్జ్‌లో జబ్బుపడ్డ మేనత్త ఒకావిడ ఉందని గుర్తొచ్చింది. వార్డు మాస్టరు వారం రోజుల్లో మూడు ఏకాదశులు చేశాడు. ల్యాబు టెక్నీషియను నన్ను చూడగానే తన నుదుటి మీద తనే చెయ్యి వేసుకుని "కాస్త వెచ్చగా ఉంది దాదా" అని మెట్లు దిగేవాడు. ఇతరుల ఒంట్లో సూది గుచ్చి బతికేవాళ్ళకి సూదంటే ఎంత గౌరవమో అప్పుడే తెలిసింది.

ధైర్యంగా వచ్చినవాడు రమణ ఒక్కడే. మా ఆస్పత్రి ఎలక్ట్రీషియను. నిచ్చెన దిగి వచ్చి, చెయ్యి చాపి, పొడిపించుకుని, మళ్ళీ నిచ్చెన ఎక్కేశాడు. రోగుల్ని ముట్టుకునే పని కాదు అతనిది, ముట్టుకుంటే ఫ్యాన్లనే ముట్టుకుంటాడు. అయినా సిబ్బంది జాబితాలో ఉన్నాడు కాబట్టి అర్హుడే.

వేయించుకునేవాళ్ళు లేకపోయేసరికి, మిగిలిన టీకాలు మర్నాడు పొద్దున్నే పెద్ద స్టోరుకి తిప్పి పంపమని ఉత్తర్వు వచ్చింది. అంటే ఆ మధ్యాహ్నమే ఆఖరు. అప్పుడు ఆయాల నాయకురాలు మినతి దీదీ నాకు మాట ఇచ్చింది.

కలకత్తా ఆస్పత్రుల సంగతి తెలియనివాళ్ళకి ఆయా అంటే ఎవరో చెప్పాలి. నర్సు ఆస్పత్రి మనిషి, ఆయా రోగి మనిషి. రోగి ఇంటివాళ్ళు జీతమిచ్చి పెట్టుకుంటారు. ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని, తల దువ్వి, ఒళ్ళు తుడిచి, బెడ్ పాన్ పెట్టి, చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఎవరు మంచివాళ్ళో ఎవరు ఉత్తుత్తి ఏడుపు ఏడుస్తున్నారో రోగికి చెవిలో చెప్తుంది. రోగిని దగ్గరుండి చూసుకునే మనిషి కాబట్టి ఆయా కూడా అర్హురాలే అని మా సూపరింటెండెంటుగారు తేల్చారు. "నావాళ్ళు ఎనిమిదిమంది, నేనొకదాన్ని. నువ్వు సీసా తెరువు రావుబాబూ" అంది మినతి దీదీ.

ఆ టీకా మల్టీ డోస్ వయల్‌లో వస్తుంది. ఒక సీసాలో పదిమందికి సరిపోయే మందు. మూత తీశామా, మా దగ్గర నియమం ప్రకారం సాయంత్రంలోగా వాడేయాలి, లేకపోతే పారేయాలి. తొమ్మిదిమంది ఖాయం, పదో మనిషి దొరక్కపోతాడా అనుకుని తెరిచాను. మందు సిరంజిలోకి లాగి, గాలి బుడగ పోవడానికి పైకెత్తి పట్టుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ ఆయాలు ఆ సూదిని చూశారు. అంతే, ఒకేసారి ఎనిమిది వార్డుల్లో ఎనిమిదిమంది రోగులు పిలిచినట్టు మాయమైపోయారు. వాళ్ళని వెనక్కి తెస్తానని మినతి దీదీ కూడా పరిగెత్తింది. వెనక్కి మాత్రం చూడలేదు.

ఎత్తిన సిరంజితో నేను స్వాతంత్ర్య సమరయోధుడి విగ్రహంలా నిలబడి ఉండగా ఒక ముసలావిడ లోపలికొచ్చింది. అరవై దాటిన మనిషి, బక్క పలచగా ఉంది. గొంతు మాత్రం సంత్రాగాఛి యార్డులో ఇంజను కూత.

"కంపౌండరు బాబూ, ఆ పందిజొరం సూది నాకెయ్యి."

నా ముప్పై ఏళ్ళ సర్వీసులో సూది వేయమని చొక్కా పట్టుకున్నంత పని చేసిన మనిషిని అప్పుడే చూశాను. "మీరెవరమ్మా?" అన్నాను.

"నానెవరేటి? సన్యాసమ్మని. మీ ఆస్పత్రిలో ఫేన్లు బాగుసేస్తాడే రవణ, ఆడి అమ్మని."

రమణ ఇంటి సంగతి మా ఆస్పత్రిలో అందరికీ తెలుసు. అతని భార్య గౌరికి రెండు కిడ్నీలూ పాడైతే అతనే ఒకటి ఇచ్చాడు. రెండు నెలల కిందట నదికి అవతల ఒక పెద్ద ఆస్పత్రిలో ఆపరేషను జరిగింది. రమణ కోలుకుని డ్యూటీకి వచ్చేశాడు. గౌరి ఇంకా అక్కడే ఉంది, రెండు వారాల్లో ఇంటికి పంపుతామన్నారు. మార్చిన కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని బాగా తగ్గించేస్తాయి. అలాంటి మనిషికి మామూలు జ్వరం కూడా గండమే. అందుకని కిడ్నీ డాక్టరు గట్టిగా చెప్పాడట: "ఇప్పుడు గౌరికి టీకా వేసినా ఒంటికి సరిగా పట్టదు. ఆమె చుట్టూ తిరిగేవాళ్ళకి వేయండి. టీకా లేని మనిషి ఆమె గది గడప దాటకూడదు." టీకా పనిచెయ్యడం మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. అంటే ఇవాళ పడితే పడినట్టు, లేకపోతే లేనట్టే.

"మీ అబ్బాయికి వేశాం కదమ్మా" అన్నాను.

"ఆడికేస్తే నాకేటి? ఆడు ఇంట్లో ఏటి సేస్తాడు బాబూ? ఫేను కింద కూకుంటాడు. గుంటకి తల దువ్వేది నాను. మందులు ఏలకి మింగించేది నాను. ఉప్పు నేని కూర వొండేది నాను. సూది ఆడికీ, సాకిరీ నాకూనా?"

"టీకా లేకపోతే ఏం చెయ్యమన్నారు?"

"ఆయానెట్టుకోమన్నాడు డాట్రు. నన్ను అరుగు మీద కూకోమన్నాడు. నా కోడలికి ఎవత్తో ముద్ద కలిపి ఎట్టడమేటి? అది ఈ ఊల్లో పుట్టిన గుంట. కూరలో కాసింత బెల్లం ముక్క పడితేగానీ దానికి ముద్ద దిగదు. ఆ సంగతి ఏ ఆయాకి తెలుసు?" అని ఆవేశపడి, అంతలోనే కోడలి మీదికి తిరిగింది. "సచ్చినదానికి రెండు కిడ్నీలూ ఒకేపాలి పాడవ్వాలా? ఏ పనీ ఒద్దికగా సెయ్యదు. ఒకటి పాడయ్యాక కాస్త ఆగొచ్చు గదా!"

నేను ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళాను. ఆయన మెత్తని మనిషి. గొంతు ఎత్తడు, నియమం తప్పడు. అక్కడ జరిగిన మాటలు బెంగాలీలో జరిగాయి, తెలుగు చేసి రాస్తున్నాను.

"ఆవిడ ఏ కేటగిరీ రావుబాబూ?"

"అత్తగారు సార్."

"అది కేటగిరీ కాదు."

"మా వైపు చాలా పెద్ద కేటగిరీ సార్."

ఆయన నవ్వాడు గానీ కరగలేదు. "స్టాఫా? కాదు. ఆయానా? కాదు. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళందరికీ వేస్తానంటే రేపు హౌరా మొత్తం నా గుమ్మంలో ఉంటుంది. నేనేం చెప్పను?" అది కూడా న్యాయమైన మాటే.

తిరిగొస్తుంటే నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. నా ఉపాయాలు ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటాయి, ఫలితాలే చిన్నవి. "అమ్మా, జీతం తీసుకునే ఆయాకి టీకా ఉంది. మీ కోడలు మిమ్మల్ని ఆయాగా పెట్టుకుందని ఒక్క మాట చెప్పండి. మినతి దీదీతో నేను మాట్లాడతాను" అన్నాను.

ఆవిడ బెంచీ మీంచి లేచిన తీరుకి ఐ.ఎల్.ఆర్. థర్మామీటరు అర డిగ్రీ పెరిగింది.

"ఏటన్నావు? నా కోడలి కాడ నాను ఆయానా? దాని సేత్తో జీతం తీసుకోవాలా?"

"పేరుకేనమ్మా..."

"పేరుకే గానీ మరెందుకూ కాదు! ఓరి సదువుకున్నోడా, ఇనుకో. జీతం ఇచ్చినోలు మానిపించీగల్రు. రేపు అది 'నీ పని బాగోనేదు, ఎల్లిపో' అంటే నానెక్కడికెల్లాలి? జీతం నేనిదాన్ని ఎవుడు మానిపిస్తాడు, సెప్పు?"

జీతం లేకపోవడాన్ని ఉద్యోగ భద్రతగా వాదించిన మనిషిని, అన్ని యూనియన్లున్న ఆ రాష్ట్రంలో కూడా నేను మరొకరిని చూడలేదు.

ఆ కేకలకి మొదటి అంతస్తు నుంచి మినతి దీదీ దిగొచ్చింది. "కీ హొలో? ఏమైంది?" అంది. సంగతి చెప్పాను. ఆవిడ వింటూ వింటూ నడుముకి కొంగు బిగించడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో మా దగ్గర అన్నింటికీ ఊరేగింపే. క్యాంటీనులో సింగారా, అదే మన సమోసా, చిన్నదైతే మధ్యాహ్నానికి జెండాలు లేచేవి. ఆవిడ గొంతు అలాంటి ఊరేగింపుల్లో సాన పట్టింది. పైగా ఆ పూట ఆవిడకి ఒక గౌరవమైన కారణం అత్యవసరంగా కావలసి వచ్చింది. మాట ఇచ్చి సూదికి భయపడి పారిపోయారనే అపవాదు తన సైన్యం నెత్తిన ఉంది మరి.

"జీతం లేకుండా చాకిరీ చేసే మాసీకి సూది కూడా లేదా?" అని వరండా దద్దరిల్లేలా అరిచింది. మాసీ అంటే పిన్ని. "మాసీకి సూది వేసేదాకా మా ఆయా ఒక్కతీ చెయ్యి చాపదు! చోల్‌బే నా!"

"చోల్‌బే నా! సాగదు, సాగదు!" అంటూ ఎనిమిదిమందీ ఎనిమిది తలుపుల్లోంచి ఊడిపడ్డారు. ఏ ఉద్యమంలోనూ కార్యకర్తల ముఖాల్లో అంత నిశ్చింత నేను చూడలేదు. వెళ్ళి సూపరింటెండెంటుగారి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. దాన్ని ఘెరావ్ అంటారు. రసగుల్లా తర్వాత బెంగాలు దేశానికిచ్చిన గొప్ప కానుక. నేను చూసినంతలో నాలుగువేలమంది ఉన్నారు. మీ కొలతతో తొమ్మిదిమంది అనుకోండి.

ఆయన తలుపు తీసి, వాళ్ళందరినీ తప్పించుకుంటూ నేరుగా సన్యాసమ్మగారి దగ్గరికొచ్చాడు. "మాసీమా, మీ డ్యూటీ ఎన్ని గంటలు?" అని అడిగాడు.

ఆవిడకి బెంగాలీ బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం తెలుగులోనే వస్తుంది. నేను మధ్యలో నిలబడి చెబుతున్నాను.

"డ్యూటీ ఏటి బాబూ? అది లెగిసినప్పుడు లెగుస్తాను. అది పడుకున్నాక దాని మీద సెయ్యేసి పడుకుంటాను."

"సెలవు?"

"రోగం దానికి సెలవిచ్చిన్నాడు నాకూ సెలవే."

"మాస్కు వేసుకుంటారా?"

"తిట్టడానికి అడ్డొస్తాది. అయినా ఏసుకుంటాను."

"మరి మీకు జ్వరం వస్తే?"

"నాకు జొరమొస్తే భయమేటి బాబూ? ఇన్నేల్లూ వొచ్చిన జొరాలన్నిటినీ తిట్టి తోలీసినాను. నా సేతుల్నించి దానికి గానీ..." అని ఆగిపోయింది.

ఆవిడ మాట మధ్యలో ఆగిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను కూడా దాన్ని బెంగాలీలోకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మినతి దీదీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

సూపరింటెండెంటుగారు నాతో, "రావుబాబూ, సీసా తెరిచారా?" అన్నాడు.

"తెరిచాను సార్."

"ఎంత మిగిలింది?"

"పది డోసులూ అలాగే ఉన్నాయి సార్."

"సాయంత్రం పారేస్తారు కదూ" అని తలాడించి, మినతి దీదీ వైపు తిరిగాడు. ఆయన చదరంగం బాగా ఆడతాడని అప్పటిదాకా నాకు తెలియదు. "సరే మినతీ, మీ డిమాండు ఒప్పుకున్నాను. రోగులను దగ్గరుండి చూసుకునేవాళ్ళకి వేయమనే కదా ఉత్తర్వు. ఇంటి మంచం పక్కన కూర్చున్నా అది చూసుకోవడమే. మన సిబ్బంది ఇళ్ళల్లో ఇలాంటి పెద్ద జబ్బు మనిషి ఉంటే, చూసుకునేవాళ్ళని కూడా ఇవాళే పిలిపించండి. పైవాళ్ళడిగితే జవాబు నాది. ముందు మాసీమాకి. ఆ వెంటనే, ఇక మీకు అభ్యంతరం లేదు కాబట్టి, మీరందరూ."

గెలిచిన ఊరేగింపు అంత నిశ్శబ్దంగా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

సన్యాసమ్మగారు చెయ్యి చాపింది. వేశాను. "అయిపోయిందేటి? దీనికేనా ఇంత గోల?" అని దూది నొక్కుకుంటూ లేచి, వెనకాల నిలబడ్డ మినతి దీదీని చూసింది. హౌరా మిల్లు గేట్లు వణికించిన ఆ నాయకురాలి పెదాలు ఉడికించిన ముల్లంగిలా తెల్లబడ్డాయి.

"మాసీ, చిన్నప్పట్నుంచీ నాకు సూదంటే..."

"ఓసి నా తల్లే! కేకలేసి కప్పు లేపీసినావు, ఈ దోమకాటుకి కళ్ళు తేలేస్తన్నావేటి? ఇటు రా." అని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆవిడ తలని తన పొట్టకి అదుముకుని, కళ్ళ మీద కొంగు కప్పేసింది. "ఏసెయ్ బాబూ, ఇది సూడదు" అంది నాతో. వేశాను. మినతి దీదీ కొంగులోంచి బయటికొచ్చి, "వేశారా?" అని అడిగి, వేశారని తెలిసి ఏడుస్తూ నవ్వింది. తర్వాత ఎనిమిది తలకాయలూ వరసగా ఆ కొంగు కిందికి వెళ్ళి వచ్చాయి. నా ట్రైనింగులో ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు.

ఈ సంబరం చూడ్డానికి ల్యాబు టెక్నీషియను తొంగి చూశాడు. పొరపాటు చేశాడు. సన్యాసమ్మగారు అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆ తర్వాత వార్డు మాస్టరు ఏకాదశి మధ్యలో దొరికాడు. ఆయాలిప్పుడు టీకా పడినవాళ్ళు కాబట్టి వీరనారులైపోయారు. వాళ్ళే వార్డు వార్డుకీ వెళ్ళి దాక్కున్నవాళ్ళని పట్టుకొచ్చారు. వంటమనిషి ఇంట్లో డయాలిసిస్ చేయించుకుంటున్న తల్లిని చూసుకునే చెల్లెలు, స్వీపరమ్మ ఇంట్లో కాన్సరు మందులు తీసుకుంటున్న తండ్రిని చూసుకునే కూతురు, ఇలా ఎప్పుడూ ఏ జాబితాలోనూ లేనివాళ్ళు ఇళ్ళ నుంచి వచ్చారు. సర్జనుగారి మేనత్త కూడా ఆ సాయంత్రమే కోలుకుంది. సీసా మీద సీసా తెరుస్తూనే ఉన్నాను. మర్నాడు పెద్ద స్టోరుకి వెళ్ళాల్సిన డబ్బాలో ఐసు ప్యాకులు తప్ప ఏమీ మిగల్లేదు.

రెండు వారాలకి గౌరి టాక్సీలో ఇంటికొచ్చింది. రమణ సామాను దించుతున్నాడు, నేను తలుపు పట్టుకున్నాను. సన్యాసమ్మగారు మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో అరగదీసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గౌరి నెమ్మదిగా మెట్టెక్కుతుంటే ముందు మాట ఆవిడదే. "ఎన్నాల్లు పడుకుంటావే అక్కడ? కూర సల్లారిపోతంది." గౌరి మాస్కు కిందనే నవ్వింది. అత్తగారు కోడల్ని పట్టుకుని గడప దాటించింది. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా రాలేదని నేను ఊరంతా చెప్పాను. తుమ్ములు రెండు మూడు వచ్చాయి. గౌరికి మాత్రం జ్వరం రాలేదు. అది పెంచింది కాదు.

ఆ కేసు తర్వాత నా గుమ్మంలో అడిగే ప్రశ్న మార్చుకున్నాను. టీకా కోసం ఎవరైనా వస్తే "ఏం పని చేస్తారు?" అని మొదలుపెట్టడం మానేశాను. "ఇంటికెళ్ళాక ఎవరి పక్కన కూర్చుంటారు?" అంటాను. చాలాసార్లు అర్హత ఆ జవాబులోనే ఉంటుంది. సర్క్యులర్లు అక్కడిదాకా రావడానికి కాస్త టైము పడుతుంది, అంతే.

ఇక కల్పన సంగతి. సూపరింటెండెంటుగారు ఉన్నమాటే, ఘెరావ్ ఉన్నమాటే, కొంగు కింద తొమ్మిది తలకాయలూ ఉన్నమాటే. నేను కల్పించినవి సన్యాసమ్మగారి తిట్లు. ఆవిడ అసలు తిట్లు అచ్చు వేస్తే ప్రెస్సు వాళ్ళు ఘెరావ్ చేస్తారు. అందుకని మర్యాదస్తుల ఇళ్ళల్లో చదువుకోవడానికి వీలుగా మెత్తటివి నేనే తయారుచేసి పెట్టాను.

గౌరి ఈ ఊళ్ళో బెంగాలీ బళ్ళో చదువుకున్న పిల్ల, తెలుగు చదవలేదు. మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఇదంతా చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. చివర్న మొహం సీరియస్‌గా పెట్టి, "అంతా బాగుంది గానీ రావు మావయ్యా, ఇది మా అత్త కాదు. మా అత్త ఇంత మెల్లగా తిట్టిందంటే నాను ఎంటనే డాట్రు కాడికి తీసుకెల్లిపోతాను" అంది.

వంటింట్లోంచి సన్యాసమ్మగారు నన్ను ఒక మాట అంది. అలాంటిది కల్పించడం నా తరం కాదు.